ఎంఆర్‌ఐ రాశారా? ఏ స్కాన్, ఏ యంత్రం, ఎలా సిద్ధపడాలి

విశాఖపట్నం మహారాణిపేటలో, కేజీహెచ్ అనే పెద్ద ప్రభుత్వాసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో, ఉదయం ఏడున్నరకే స్కానింగ్ సెంటర్ల ముందు జనం చేరతారు. శ్రీకాకుళం నుంచో, విజయనగరం నుంచో, పాడేరు ఘాట్ దిగో తెల్లవారుజామున బయలుదేరి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. ఒక చేతిలో డాక్టరు చీటీ, ఇంకో చేతిలో పాత రిపోర్టుల సంచి. కౌంటరు దగ్గర ఎక్కువగా వినిపించే ప్రశ్నలు రెండే: ఎంత అవుతుంది, మీ దగ్గర 3 టెస్లా మిషను ఉందా. రెండూ అడగవలసినవే. అయితే ఆ రెండింటికంటే ముందు, డాక్టరుగారి గదిలో ఉండగానే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: “ఈ స్కానుతో మీరు ఏం తేల్చుకోవాలనుకుంటున్నారు?”

ఈ ప్రశ్న విలువ మా అమ్మ విషయంలో నాకు తెలిసివచ్చింది. నడకలో తూలు వస్తోందని, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఆమె చెబితే, నడుము దగ్గర నరం నొక్కుకుపోయిందని ఇంట్లో మేమే తీర్మానించుకుని, తెలిసిన డాక్టరుతో చీటీ రాయించి నడుముకు ఎంఆర్‌ఐ తీయించాము. రెండుచోట్ల వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులు ఉబ్బాయని రిపోర్టు వచ్చింది. నెలన్నర పాటు నడుముకే మందులు వాడాము. చివరికి చూపించిన న్యూరో డాక్టరుగారు నడుము ఊసే ఎత్తకుండా, “అమ్మా, పూలు కట్టగలుగుతున్నారా, జాకెట్టు హుక్సులు మీరే పెట్టుకుంటున్నారా?” అని అడిగారు. కనకాంబరాలు కడుతుంటే దారం వేళ్ల మధ్య నుంచి జారిపోతోందని, అందుకే పూలు కట్టడం మానేశానని అమ్మ చెప్పినప్పుడు గానీ ఆ సంగతి మాకు తెలియదు. కాళ్లతోపాటు చేతులు కూడా మొద్దుబారుతున్నాయంటే చూడవలసింది మెడ. మెడకు తీసిన ఎంఆర్‌ఐలో వెన్నుపాము నొక్కుకుపోయి కనిపించింది. మొదటి స్కాను తప్పుగా తీసినది కాదు, రిపోర్టులోనూ తప్పు లేదు. మేము అడిగించిన ప్రశ్నే తప్పు.

ఏ అనుమానానికి ఏ స్కాన్

ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీ, ఎంఆర్‌ఐ ఒకదానికంటే ఒకటి గొప్పవని, చివరి మెట్టు ఎంఆర్‌ఐ అని అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయింది. నిజానికి అవి నాలుగు వేర్వేరు పనిముట్లు. ఎక్స్‌రే, సీటీ రెండూ ఎక్స్ కిరణాలతో పనిచేస్తాయి కాబట్టి ఎముక, ఊపిరితిత్తులు వాటికి బాగా దొరుకుతాయి. తాజా రక్తస్రావం, మూత్రపిండాల్లో రాళ్లు సీటీకి బాగా దొరుకుతాయి. ఎంఆర్‌ఐలో ఎక్స్ కిరణాలు లేవు. బలమైన అయస్కాంత క్షేత్రంలో మన శరీరంలోని నీటిలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగాలతో కదిలించి, అవి తిరిగి కుదురుకునేటప్పుడు వెలువరించే సంకేతాల నుంచి కంప్యూటరు బొమ్మను కడుతుంది. నీటి పాళ్లలో చిన్న తేడా ఉన్నా పట్టుకుంటుంది కాబట్టి మెదడు, వెన్నుపాము, డిస్కులు, మోకాలి లిగమెంట్లు, కండరాలు, గర్భాశయం, ప్రోస్టేట్ వంటి మెత్తటి భాగాల విషయంలో దానికి సాటి లేదు. ఈ పద్ధతిని సాధ్యం చేసినందుకు పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

జాతీయ రహదారి మీద బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినవారికి ముందు తీసేది సీటీయే. అది కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, లోపల రక్తం కారుతోందా లేదా వెంటనే తేలుస్తుంది. పక్షవాతం వచ్చినప్పుడూ సాధారణంగా అంతే. మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, ఇచ్చేముందు రక్తస్రావం లేదని తెలియాలి. ఆ సమయంలో “ఎంఆర్‌ఐ తీయండి, ఖర్చు ఫరవాలేదు” అని బంధువులు పట్టుబట్టడం రోగికి మేలు చేయదు. రక్తం అందక దెబ్బతిన్న మెదడు భాగాన్ని మొదటి గంటల్లోనే చూపించడంలో ఎంఆర్‌ఐ సీటీకంటే మెరుగన్నది నిజమే. కాని ఆ క్షణంలో డాక్టరుకు కావలసిన జవాబు అది కాకపోవచ్చు. పిత్తాశయంలో రాళ్లకు అల్ట్రాసౌండ్ చాలు. రాయి పైత్యరస నాళంలోకి జారిందన్న అనుమానం ఉంటే అప్పుడు ఎంఆర్‌సీపీ అనే ప్రత్యేక ఎంఆర్‌ఐ రాస్తారు. దానికి సూది మందు అవసరం ఉండదు గాని, నాలుగైదు గంటలు కడుపు ఖాళీగా ఉంచమంటారు.

ఎక్కువ ఎంఆర్‌ఐలు తీయించేది నడుమునొప్పికే కాబట్టి దాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. 1994లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, నడుమునొప్పి అసలే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీసి చూస్తే, సగానికి పైగా మందిలో, అంటే 52 శాతం మందిలో, కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు 36 శాతమే. కనుక స్కానులో డిస్కు ఉబ్బు కనబడినంత మాత్రాన నొప్పికి కారణం అదేనని చెప్పలేము. మా అమ్మ మొదటి రిపోర్టు మమ్మల్ని దారి తప్పించింది అందుకే. ప్రమాద సూచనలు లేని నడుమునొప్పికి సుమారు ఆరు వారాలు మందులతో, వ్యాయామంతో చూసి, తగ్గకపోతేనే ఎంఆర్‌ఐ గురించి ఆలోచించడం వైద్యులు సాధారణంగా పాటించే పద్ధతి. దీన్ని కాలయాపన అనుకోకూడదు. అయితే మూత్రం, మలం అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ పోయినా, కాలు రోజురోజుకూ బలహీనపడుతున్నా ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. జ్వరం, బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా మొదటి సందర్శనలోనే చెప్పాలి. వెన్నెముకకు టీబీ రావడం మన దేశంలో అరుదైన విషయం కాదు.

1.5 టెస్లానా, 3 టెస్లానా, ఓపెన్ ఎంఆర్‌ఐనా

టెస్లా అనేది అయస్కాంత బలానికి కొలత. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్లు. 3 టెస్లా యంత్రంలో సంకేతం బలంగా వస్తుంది కాబట్టి బొమ్మను ఇంకా సన్నగా, లేదా ఇంకా త్వరగా తీయవచ్చు. మూర్ఛకు కారణమైన చిన్న మచ్చ కోసం మెదడంతా గాలించవలసినప్పుడు, పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డను వెతకవలసినప్పుడు, ప్రోస్టేట్, మణికట్టు వంటివి చూడవలసినప్పుడు ఆ తేడా అక్కరకు వస్తుంది. మామూలుగా నడుము, మెడ, మోకాలు చూడటానికి బాగా నిర్వహిస్తున్న 1.5 టెస్లా యంత్రం సరిపోతుంది. పైగా శరీరంలో ప్లేట్లు, స్క్రూలు ఉన్నవారికి 3 టెస్లాలో వాటి చుట్టూ బొమ్మ ఎక్కువగా చెదురుతుంది. కొన్ని పేస్‌మేకర్లు, ఇంప్లాంట్లు 1.5 టెస్లా వరకే సురక్షితమని ధ్రువీకరించినవి ఉంటాయి. ఇలాంటివారు ఎక్కువ డబ్బు కట్టి 3 టెస్లాకు వెళ్లడం అనవసరం మాత్రమే కాదు, కొన్నిసార్లు ప్రమాదం కూడా.

పక్కలు తెరిచి ఉండే ఓపెన్ ఎంఆర్‌ఐ, ఇరుకు భయం ఉన్నవారికి ఊరటనిస్తుంది. కాని అలాంటి యంత్రాల్లో చాలావాటి అయస్కాంత బలం తక్కువ. బొమ్మ నాణ్యత తగ్గుతుంది, సమయం పెరుగుతుంది. నా సలహా ఏమిటంటే, ఇరుకంటే భయపడేవారు ముందుగా అడగవలసింది గొట్టం వెడల్పు ఎంత అని. పాత యంత్రాలలో అది 60 సెంటీమీటర్లు, కొత్తగా వస్తున్న చాలా యంత్రాలలో 70 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్లే గదా అనిపించవచ్చు. భారీ శరీరం ఉన్నవారికి, ఊపిరాడదన్న భయం ఉన్నవారికి ఆ పదీ చాలా తేడా. మోకాలికో పాదానికో అయితే కాళ్లవైపు నుంచి లోపలికి పంపుతారు, తల బయటే ఉంటుంది కాబట్టి భయపడవలసిన పనే లేదు. అన్నింటికీ మించి, యంత్రం ఏదైనా ఆ బొమ్మను చదివే రేడియాలజిస్టు అనుభవం ముఖ్యం. రెండు సెంటర్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే, మీకు వైద్యం చేస్తున్న డాక్టరుగారు ఎవరి రిపోర్టు మీద నమ్మకం ఉంచుతారో అడిగి అక్కడికి వెళ్లండి. మెడికల్ ఇమేజింగ్‌కు ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్‌ఏబీహెచ్ సంస్థ గుర్తింపు ఉందేమో చూడటం రెండో కొలత. టెస్లా అంకె నా దృష్టిలో మూడోది.

ప్లెయినా, కాంట్రాస్టా

చీటీ మీద “కాంట్రాస్ట్” అని ఉంటే, స్కాను మధ్యలో చేతి నరానికి గాడోలినియం ఉన్న మందు ఎక్కిస్తారు. గడ్డలు, ఇన్ఫెక్షన్లు, ఆపరేషన్ చేసిన చోట మళ్లీ ఏమైనా పెరుగుతోందా అన్నవి దానితో స్పష్టపడతాయి. డిస్కుల కోసం, లిగమెంట్ల కోసం తీసే మామూలు స్కాన్లకు చాలావరకు ఈ మందు లేని ప్లెయినే చాలు. సీటీలో వాడే కాంట్రాస్టు అయోడిన్‌తో చేసినది, ఇది వేరు. “నాకు స్కాను మందు పడదు” అని చెప్పేటప్పుడు ఏ స్కానులో పడలేదో చెప్పడం అందుకే అవసరం.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఇక్కడ ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి, అంటే కవిటి, సోంపేట, పలాస, మందస వైపు నుంచి, వైద్యానికి విశాఖ వచ్చే కుటుంబాల కోసం ఈ మాటలు రాస్తున్నాను. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో పాత రకం గాడోలినియం మందుల వల్ల చర్మం, కండరాలు బిగుసుకుపోయే ఒక తీవ్రమైన జబ్బు రావచ్చని 2006లో గుర్తించారు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న కొత్త రకం మందులతో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా క్రియాటినిన్ అనే రక్తపరీక్ష రిపోర్టు చూసి, మూత్రపిండాలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అంకె 30 కంటే తక్కువ ఉందా, డయాలసిస్ జరుగుతోందా అన్నది గమనించాకే ఏ మందు, ఎంత మోతాదు అన్నది నిర్ణయిస్తారు. కాబట్టి ఇటీవలి క్రియాటినిన్ కాగితం వెంట తీసుకురండి. అది లేక కౌంటరు దగ్గర ఆగిపోయి, రక్తం ఇచ్చి, సాయంత్రం దాకా కూర్చుని ఆఖరి బస్సు పోగొట్టుకున్నవారిని నేను చూశాను. గర్భిణులకు ఎంఆర్‌ఐ తప్పనిసరైతే తీస్తారు గాని, గాడోలినియం ఇవ్వకుండా చూస్తారు. పాలిచ్చే తల్లులు మాత్రం ఈ మందు తర్వాత పాలు ఆపవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

ఒంటి మీద, ఒంటి లోపల ఉన్న లోహం

ఎంఆర్‌ఐలోని అయస్కాంతం స్కాను జరిగేటప్పుడే పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. అది సూపర్ కండక్టింగ్ అయస్కాంతం. ద్రవ హీలియంతో సుమారు మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచుతారు. రాత్రీ పగలూ, కరెంటు పోయినా, గదిలో ఎవరూ లేకపోయినా అది లాగుతూనే ఉంటుంది. 2018లో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో బంధువు కోసం ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఎంఆర్‌ఐ గదిలోకి అడుగుపెట్టిన యువకుడు ప్రాణాలే కోల్పోయాడు. తాళాలు, ఫోన్లు, కర్రలు, చక్రాల కుర్చీలు తలుపు బయటే వదలమని టెక్నీషియన్ గట్టిగా చెబితే కోపగించుకోకండి.

మన ఇళ్లలో ఈ జాబితా ఎక్కడిదాకా వెళుతుందో అమ్మను సిద్ధం చేసినప్పుడు తెలిసింది. చెవి దుద్దులు, గాజులు తీసేశాము. చీర కుచ్చిళ్లకు రెండు పిన్నీసులు, పైట దగ్గర ఒకటి, ముడిలో నాలుగు హెయిర్ పిన్నులు బయటపడ్డాయి. వేళ్లు వాచి ఉండటంతో మట్టెలు రాలేదు. నర్సమ్మ సబ్బు నురగ రాసి నెమ్మదిగా తిప్పుతూ తీసింది. పుస్తెల తాడు దగ్గరికి వచ్చేసరికి అమ్మ చేయి మెడ మీదే ఆగిపోయింది. పక్కన కూర్చున్న మరొకరి తోడికోడలు తన సంచిలోంచి పసుపు తాడు తీసి, దానికి పసుపు కొమ్ము కట్టి ఇచ్చింది. అది వేసుకున్నాకే అమ్మ పుస్తెలు నా చేతిలో పెట్టింది. బంగారాన్ని అయస్కాంతం లాగదు గాని, రేడియో తరంగాలకు ఏ లోహమైనా వేడెక్కవచ్చు, దాని నీడ మెడ బొమ్మ మీద పడుతుంది, కొక్కెంలో వేరే లోహం ఉండవచ్చు. కనుక తీయక తప్పదు. ఇలాంటి ఇబ్బంది ఉన్నవారు ఇంటి నుంచే పసుపు తాడు వేసుకుని రావడం మేలు. మగవారి విషయంలో అందరూ మరిచిపోయేవి వెండి మొలతాడు, దానికున్న తాయెత్తు, చేతి రాగి కడియం. నొప్పికి అంటించుకునే మందు పట్టీల్లో కొన్నింటికి లోహపు పొర ఉంటుంది, అదీ చెప్పాలి.

ఒంటి లోపల ఉన్నవాటి విషయంలో జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. పేస్‌మేకర్, చెవిలో పెట్టిన కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు ఉంటే ఆ పరికరంతో ఇచ్చిన కార్డు, లేదా డిశ్చార్జ్ కాగితం చూపించనిదే స్కానుకు ఒప్పుకోవద్దు, వారూ ఒప్పుకోకూడదు. గుండెకు వేసే ఇప్పటి స్టెంట్లలో దాదాపు అన్నింటికీ ఎంఆర్‌ఐ ఇబ్బంది కాదు. పళ్లకు పెట్టించుకున్న సిమెంటు, వెండి ఫిల్లింగులు కూడా అంతే.

మన ఊరికి మరీ దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. షిప్‌యార్డులో, స్టీల్ ప్లాంటులో, గాజువాక ఆటోనగర్ వర్క్‌షాపుల్లో వెల్డింగ్, గ్రైండింగ్ చేసినవారు ఇక్కడ వేలల్లో ఉన్నారు. ఎప్పుడో కంట్లో పడిన ఇనుప రజను అక్కడే ఉండిపోతే, అయస్కాంతం దాన్ని కదిలించి చూపును దెబ్బతీయగలదు. కంట్లో రవ్వ పడి డాక్టరు దగ్గర తీయించుకున్న సందర్భం ఇరవై ఏళ్ల కిందటిదైనా సరే చెప్పండి. కళ్లకు ఒక ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని తేల్చుకున్నాకే స్కానుకు పంపుతారు. సెంటరులో ఇచ్చే ప్రశ్నల ఫారాన్ని తోడు వచ్చిన పిల్లలు గబగబా “లేదు, లేదు” అని టిక్కులు పెట్టేయడం చూస్తుంటాను. ఆ ఫారాన్ని తెలుగులో చదివి వినిపించి, జవాబు రోగి నోటి నుంచే రానివ్వాలి.

లోపల ఎలా ఉంటుంది

గది చల్లగా ఉంటుంది, దుప్పటి అడగవచ్చు. బల్ల మీద పడుకోబెట్టి, చూడవలసిన భాగం మీద కాయిల్ అనే చట్రం అమరుస్తారు. మెడకు, తలకు అయితే అది ముఖం ముందు జాలీలా వస్తుంది. చెవుల్లో దూది లాంటివి పెట్టి, లేదా హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక రబ్బరు బంతి ఇస్తారు. దాన్ని నొక్కితే బయట గంట మోగుతుంది, స్కాను ఆపి బయటికి తెస్తారు. ఆ తర్వాత మొదలయ్యే చప్పుడు, తలుపును సుత్తితో కొడుతున్నట్టు, మధ్యలో హఠాత్తుగా ఆగి మరో లయలో మొదలవుతూ, కొన్నిసార్లు వంద డెసిబెల్స్ దాటుతుంది. యంత్రం లోపలి తీగచుట్టల్లో విద్యుత్తు క్షణక్షణం మారుతుంటే అవి అదిరి చేసే శబ్దం అది. ఏదో పాడైందని కంగారు పడవద్దు. ఒంటికి కొద్దిగా వెచ్చగా తగలడం మామూలే. చురుక్కుమని కాలినట్టు అనిపిస్తే మాత్రం వెంటనే బంతి నొక్కాలి.

ఒక్కో భాగానికి సుమారు 20 నుంచి 45 నిమిషాలు పడుతుంది, కాంట్రాస్టు ఉంటే ఇంకొంచెం. అంతసేపూ కదలకుండా ఉండటమే రోగి చేయవలసిన అసలు పని. చివరి నిమిషంలో కదిలినా ఆ వరుస బొమ్మలు మళ్లీ తీయవలసివస్తుంది. లోపలికి వెళ్లకముందే కళ్లు మూసుకుని, బయటికి వచ్చేదాకా తెరవకుండా ఉండటం అమ్మకు బాగా పనిచేసింది. మూత్రానికి ముందే వెళ్లి రావాలి. నొప్పితో వెల్లకిలా పడుకోలేనివారు నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును అడిగి రావాలి. చిన్నపిల్లలకు, అసలు ఓర్చుకోలేనివారికి మత్తు ఇస్తారు. అప్పుడు సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి అన్నం, రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా మానాలి. మత్తు డాక్టరు, ఆక్సిజన్ ఏర్పాటు ఉన్న ఆసుపత్రి సెంటరునే ఎంచుకోవాలి. ఇక్కడ ధర చూసుకోవద్దు.

ఎక్కడ తీయించుకోవాలి, తర్వాత ఏమిటి

అత్యవసరం కానివారికి ప్రభుత్వాసుపత్రిలో తేదీ కోసం వేచి ఉండటం డబ్బు ఆదా చేస్తుంది. కేజీహెచ్‌లో వైద్యం పొందుతున్నవారు ముందు అక్కడే అడగడం మంచిది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరబోయేవారు బయట సొంత డబ్బుతో తీయించుకోకముందే, ఆసుపత్రిలోని పథకం కౌంటరులో ఈ స్కాను అందులో వస్తుందా అని కనుక్కోవాలి. ప్రైవేటులో రేటు అడిగేటప్పుడు కాంట్రాస్టు మందు, ఫిల్ములు, సీడీ అందులో కలిసి ఉన్నాయా అని విడమరిచి అడగండి. తక్కువ చెప్పిన చోట ఇవి విడిగా పడి, చివరికి ఎక్కువే కావచ్చు. నడుముకు తీస్తూ వెన్నెముక మొత్తం పైపైన చూసే “హోల్ స్పైన్ స్క్రీనింగ్” కొన్నిచోట్ల కలిపి ఇస్తారు. అది ఉపయోగమే గాని, మెడకు విడిగా తీసే పూర్తి స్కానుకు బదులు కాదు.

రిపోర్టు చేతికి రాగానే అందులోని ఇంగ్లీషు మాటలను ఫోనులో వెతుక్కుని రాత్రంతా బెంగపడేవారు చాలామంది. రిపోర్టు రాసిన రేడియాలజిస్టు రోగిని పరీక్షించి ఉండరు, బొమ్మలో కనిపించినదంతా రాయడం వారి విధి. అందులో ఏది రోగి బాధకు సంబంధించినదో తేల్చేది చేత్తో పరీక్షించిన డాక్టరే. అందుకే ఫిల్ములతోపాటు సీడీ తప్పక తీసుకోండి, పాత స్కాన్లు ఎంత పాతవైనా పారేయకండి, ఫిల్ములను మడవకుండా తేమ తగలని చోట పెట్టండి. సముద్రపు గాలికి మన బీరువాల్లో అవి ఒకదానికొకటి అంటుకుపోతాయి. అమ్మకు ఆపరేషన్ చేయబోయే ముందు సర్జన్ గారు మెడ ఫిల్ములు లైటు బాక్సుకు తగిలించి, పక్కన మేము పనికిరాదనుకున్న నడుము ఫిల్ములు కూడా పెట్టి, రెండూ చాలాసేపు చూశారు. నడుము జోలికి ఇప్పుడు వెళ్లనక్కర లేదని ఆ పాత ఫిల్ములు చూసే తేల్చారు.